ఈగ వెనక ముఖం

మా వీధిలో ఫోటో స్టూడియో నడిపే అన్నకి అసలు పేరు ఒకటి ఉందని ఇంటి ఓనరుకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన పురుగులాయనే. నా కుట్టు మిషను ఆయన స్టూడియో గోడకి ఆనుకునే ఉంటుంది. అటు ఆయన తుమ్మితే ఇటు నా దారం తెగుతుంది. కాబట్టి ఆయన సంగతి నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ భూప్రపంచంలో లేరు. ఉన్నామని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

ఆ అన్న ఇప్పుడు ఒక్కదాని కోసమే పిచ్చిపట్టినవాడిలా వెతుకుతున్నాడు. పోయిన పెళ్ళాం ముఖం ఉన్న ఫోటో కోసం. ఫోటోలు తీసేవాడి ఇంట్లో పెళ్ళాం ఫోటో లేకపోవడమేమిటని ముక్కున వేలేసుకోకండి. చెప్తున్నాగా.

స్టూడియోలో ఆయన పనల్లా దరఖాస్తులకి అతికించే ఫోటోలు తియ్యడమే. "గడ్డం పైకి, భుజాలు కిందికి, నవ్వొద్దు" అంటాడు, టపీమని నొక్కుతాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని మొటిమలూ మచ్చలూ కళ్ళ కింద నలుపూ అన్నీ తుడిచేస్తాడు. ఎదురింటి ఇస్త్రీ అతని ఫోటో ఎంత నున్నగా చేశాడంటే, వాళ్ళమ్మ చూసి, "ఎవరి పిల్లాడో పాపం, బంగారంలా ఉన్నాడు, మావాడూ ఉన్నాడు ఎందుకూ" అందట.

ఆయన ప్రాణం మాత్రం పెరట్లో ఉండేది. స్టూడియో వెనక చాప పరిచినంత చోట వదిన పూలకుండీలు పెంచేది. పొద్దున్నే మంచుకి తడిసి ఈగలూ తేనెటీగలూ రెక్కలు బరువెక్కి కదలకుండా ఉంటాయి కదా, ఆ వేళకి అన్న మోకాళ్ళ మీద కూలబడి, కెమెరా ముక్కుని పువ్వులో దూర్చేసేవాడు. ఆ లెన్సులోంచి చూస్తే చీమ గేదెంత ఉంటుంది. ఈగ కాలి వెంట్రుకలకి దువ్వెన పెట్టొచ్చు, ఓపికుంటే జడ కూడా వెయ్యొచ్చు. నేను చూశాను, ఒట్టు.

కాకపోతే దాంతో ఒక పెద్ద చిక్కు. ఈగ కన్ను తేటగా వస్తే రెక్క మసకేస్తుంది. రెక్క తేటగా వస్తే కన్ను పోతుంది. వెంట్రుకవాసి మందం మాత్రమే తేటగా వస్తుంది, మిగతాదంతా పొగమంచు. పువ్వు ఆవగింజంత ఊగినా పొద్దుటి కష్టం మట్టిపాలే. అందుకని వదిన రెండు వేళ్ళతో కాడ పట్టుకుని, రెండో చేత్తో తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టి వెలుగు పువ్వు మీదికి మళ్ళించేది. గోడవతలికి నాకు మాటలన్నీ వినిపించేవి.

"ఏమే, ఊపిరి ఆపు. పువ్వు కదులుతోంది."

"నా ఊపిరి ఆపి మీ ఈగని బతికించుకుంటారా?"

"అబ్బా, మాట్లాడకు. ఇదిగో, తలకాయ తియ్యి, వెనకాల నీ మొహం పడుతోంది."

"పడితే ఏం? ఈగ జడుసుకుంటుందా?"

ఈగ ఉందా ఎగిరిపోయిందా అని వదిన వంగి చూడటం, ఆమె ముఖం ఫోటోలో పడటం, అన్న విసుక్కుని అక్కడికక్కడే ఆ ఫోటో చెరిపెయ్యడం. రోజూ ఇదే తంతు. "పురుగు కోసం పెళ్ళాన్ని చెరిపేసే మగాణ్ణి మిమ్మల్నే చూశానండీ" అని వదిన నవ్వితే ఆ నవ్వు వీధి చివర పాలబూత్ దాకా వెళ్ళి తిరిగొచ్చేది.

పెళ్ళైన కొన్నేళ్ళకి వదిన బుగ్గ మీద ఒక తెల్లమచ్చ లేచింది. జీడిపప్పంత ఉండేది. నెప్పా, దురదా, ఏమీ లేదు. కానీ అప్పటినుంచీ ఎవరు ఫోటో తియ్యడానికి ఫోను ఎత్తినా అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టేసుకునేది. ఒక్కసారి మాత్రం తప్పలేదు. ఏదో కార్డుకి ఫోటో కావాల్సొచ్చి అన్నే తీశాడు. తీసి, అలవాటు చొప్పున, ఆలోచన కూడా లేకుండా మచ్చ తుడిచేసి, ఒరిజినల్ మీదే సేవ్ కొట్టేశాడు. నేను అక్కడే ఉన్నాను. వదిన ఆ ఫోటో చేత్తో పట్టుకుని తెగ పరకాయించింది.

"ఎవరండీ ఈవిడ? బావుంది. ఈవిడనే చేసుకోకపోయారా?"

"నువ్వేనే. కాస్త శుభ్రం చేశాను."

"తేనెటీగ కాలికి అంటిన పుప్పొడి కూడా పొల్లుపోకుండా దించుతారే! దాన్నెప్పుడూ శుభ్రం చెయ్యలేదే?"

అందరం పడీ పడీ నవ్వాం. అన్న కూడా నవ్వాడు.

మొన్న ఎండలు తగ్గుతున్న రోజుల్లో వదినకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రికి నడుచుకుంటూ వెళ్ళింది, దార్లో నాతో "నా జాకెట్టు చేతులు వదులు చెయ్యి, వచ్చి తీసుకుంటా" అని కూడా అంది. రాలేదు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ఎక్కిందన్నారు. ఇంకేదో అన్నారు. ఆ జాకెట్టు ఇంకా నా దగ్గరే ఉంది.

అంతా అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక అన్న గోడకి పెట్టుకోవడానికి ఫోటో వెతికాడు. పెళ్ళినాటి ఫోటోలో ఉన్నది మచ్చ రాని చిన్నపిల్ల. కార్డు ఫోటోలో ఉన్నది ఎవరో నున్నటి మనిషి. మా అందరి ఫోన్లూ తిరగేశాం. ఎందులో చూసినా అరచెయ్యే. అన్న కంప్యూటర్లో ఈగలు, కందిరీగలు, సాలీళ్ళు లక్షో కోటో ఉన్నాయి. ప్రతి దాంట్లో కాడ పట్టుకున్న వదిన రెండు వేళ్ళ కొసలున్నాయి, మసగ్గా. ముఖం లేదు.

కార్డు ఫోటో మీదే మచ్చ మళ్ళీ దిద్దుదామని కూర్చున్నాడు. జీడిపప్పులా దిద్దాడు. చూశాడు. తుడిచి, రెండో బుగ్గ మీద దిద్దాడు. మళ్ళీ తుడిచాడు. అప్పుడు నా గుమ్మంలోకి వచ్చి, దారం అడగడానికి వచ్చినట్టు నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, మీ వదినకి మచ్చ ఏ వైపుండేది?"

నేనెప్పుడు తడుముకున్నాను గనక! "ఎడమ వైపన్నా. కళ్ళు మూసుకుని చెప్తా" అన్నాను.

ఇస్త్రీ అతను పెట్టె కింద పెట్టేసి వచ్చాడు. "కుడి వైపక్కా. నాకు బాగా తెలుసు."

"నీకేం తెలుసు, చొక్కా ఎడమ జేబు కూడా సరిగ్గా ఇస్త్రీ చెయ్యవు."

"ఎడమంటే ఎవరి ఎడమ? నీ ఎడమా, ఆవిడ ఎడమా?"

దాంతో నాకూ తికమకయింది. పాలబూత్ ఆవిడ ఎడమంది, వాళ్ళాయన కుడన్నాడు, కాసేపటికి వీధి వీధంతా బుగ్గలు పట్టుకుని నిలబడింది. అన్న మాత్రం లోపలికి వెళ్ళిపోయాడు. వదిన చెల్లెలికి ఫోను చేసి అడగమన్నాను. "మీ అక్క ముఖం నాకు గుర్తులేదని ఆ పిల్లకి ఏ నోటితో చెప్పనమ్మా" అన్నాడు.

ఆ తర్వాత కంప్యూటర్లోకి ఎక్కించని పాత మెమరీ కార్డులన్నీ తీసి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాడు. తిండి లేదు, గిరాకీ లేదు. ఒకరోజు గోడవతల నుంచి "దొరికింది" అని కేక పెట్టాడు. పరిగెత్తాను. చామంతి మీద ఆకుపచ్చగా మెరిసే ఈగ. దాని కళ్ళు అంత బాగా వచ్చాయి గనక ఆ రోజు చెరపలేదట. ఈగ వెనకాల వదిన ముఖం ఉంది. కళ్ళూ ముక్కూ తెలియని ఒక మసక. నవ్వుతోందని మాత్రం తెలుస్తోంది. ఎడమ బుగ్గ మీద తెల్లటి మరక.

"చూశావా, ఎడమే!" అన్నాను, పందెం గెలిచినదానిలా.

దాన్ని తలుపంత పెద్దది చేయించి గోడకి పెట్టాడు. ఎంత పెద్దది చేస్తే అంత మసక పెరిగింది. వచ్చిన గిరాకీలంతా "అబ్బ, ఏం ఈగండీ" అంటుంటే "వెనక చూడండి" అనేవాడు.

ఆదివారం మరదలు వచ్చింది, బావ ఎలా ఉన్నాడో చూసిపోదామని. నేను టీ పట్టుకెళ్ళాను. ఆ పిల్ల ఫోటో దగ్గరికంటా వెళ్ళి నిలబడింది.

"అక్క మచ్చ" అన్నాడు అన్న, ఆ తెల్లటి మరక చూపించి.

"అది ఎండ బావా. అట్ట మీంచి పడ్డ ఎండ." అంది ఆ పిల్ల. "అక్క మచ్చ అటు కాదు."

నేను టీ గ్లాసులు కింద పెట్టాను. అన్న ఫోటో వైపు చూశాడు.

"ఎండైనా మీ అక్క మీద పడ్డదేగా" అన్నాడు. "ఉండనీ." మళ్ళీ తనే, చాలా మెల్లిగా, "మరి ఎటమ్మా?" అన్నాడు.

ఆ పిల్ల తన కుడి బుగ్గ మీద, చెవికి కాస్త ఇవతల, వేలు పెట్టింది. "ఇక్కడ. ఇంత."

అన్న కుర్చీలోంచి లేచి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "కాసేపు వేలు తియ్యకమ్మా" అన్నాడు.

తియ్యలేదు. వీధి గుమ్మంలో ఎవరో అర్జెంటుగా ఫోటో కావాలని పిలుస్తున్నారు. నేనే బయటికి వెళ్ళి, ఇవాళ స్టూడియో లేదని చెప్పి పంపేశాను.