అంకుల్ కొలత

అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో తెలుగువాళ్లింట ఏ పుట్టినరోజు పార్టీ జరిగినా అచ్యుతరావు అంకుల్ పిల్లల్ని వీపులు ఆనించి నిలబెట్టి ఎత్తు చూసేవాడు. ప్రతిసారీ అనూపే పొట్టి. "వీడికి ఫుట్‌బాల్ ఎందుకండీ, చెస్‌లో చేర్పించండి!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వు అనూప్ మర్చిపోలేదు. కాలేజీ టీములో రన్నింగ్ బ్యాక్ అయ్యాక కూడా, బంతిని పొట్టకి అదుముకుని కొండల్లాంటి వాళ్ల చంకల కిందనుంచి దూసుకుపోతున్నప్పుడల్లా ఆ ఒక్క మాటే పళ్ల మధ్య నమిలేవాడు: చెస్, చెస్, చెస్.

ఈ శనివారం ఆఖరి నిమిషంలో అతను చేసిన టచ్‌డౌన్‌తోనే టీమ్ గెలిచింది. స్టేడియం గేటు దగ్గర అంకుల్ ఫోన్ పట్టుకుని ఎదురొచ్చాడు. "మనవాడేనండీ! నేను చిన్నప్పుడే చెప్పా! రారా, ఒక ఫోటో."

"ఫోటో తర్వాత, అంకుల్. ఫస్ట్ వీపు ఆనించి నిలబడండి," అంటూ అనూప్ బూట్లు విప్పేశాడు. చుట్టూ ఉన్న తెలుగువాళ్లు నవ్వుతూ ఫోన్లెత్తారు. కాదనలేక అంకుల్ వెనక్కి తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఆయన వీపు మెల్లగా పైకి జరగడం అనూప్‌కి తెలిసింది. మడమలెత్తుతున్నాడు. ఆయన పిక్కలు వణికేదాకా అనూప్ కదల్లేదు.