చిరునామా అడగని లైబ్రరీ

మా కంపెనీ క్లౌడ్‌లోకి ఫైళ్లు పంపడానికి వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్ లైబ్రరీని సులువు చేసింది నేనే. నిమ్‌పురాలోని మా రైల్వే క్వార్టర్‌లో, అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని చేశాను. అంతకుముందు వాడేవాళ్లు ఎండ్‌పాయింట్, అంటే ఫైలు చేరాల్సిన సర్వర్ చిరునామా, బారెడు పొడవున రాయాల్సి వచ్చేది. దాన్ని ఒక్క పేరుకు కుదించాను. ఆ పేరు కూడా రాయకపోతే, ఏమీ అనకుండా టెస్ట్ సర్వర్‌కు పంపేలా పెట్టాను. కోడ్ పరీక్షించేటప్పుడు నాకు సుఖంగా ఉంటుందని.

ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఆ గొప్పతో మా ఊళ్లోనే ఖరిదా పేటలో తెలుగు బడి టీచరక్క కంప్యూటర్లో కూడా కొత్త లైబ్రరీ ఎక్కించాను. ముసలమ్మలు పాడే దంపుళ్ల పాటలు ఆవిడ ఫోన్లో రికార్డు చేసి, ఆ లైబ్రరీ మీదే నేను రాసిచ్చిన ప్రోగ్రాంతో క్లౌడ్‌లో దాచేది. పాత చిరునామా చెరిపేశాను; కొత్త పేరు రాయడం మర్చిపోయాను. తెర మీద ‘చేరింది’ అని కనిపించగానే ఆవిడ ఫోన్లో చోటు కోసం పాటలు తీసేసేది. టెస్ట్ సర్వర్‌ను మేం ప్రతి ఆదివారం తుడిచేస్తాం.

ఒకరోజు వచ్చి, “తమ్ముడూ, నెల్లాళ్ల పాటలు కనపడ్డం లేదేటి?” అంది.

చూడగానే నా తప్పేనని తెలిసిపోయింది. అయినా, “ఏదో తప్పు నొక్కుంటావక్కా” అన్నాను.

“నొక్కేసినానేమో,” అని తల దించుకుని వెళ్లిపోయింది. ఛీ, నాదీ ఒక నోరేనా!

నాన్న రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. లైను మార్చేముందు నంబరు పైకి చదివి, అవతలివాళ్లు తిరిగి చెబితేగానీ చెయ్యి వెయ్యడు. ఊళ్లోని ఇందా బజారుకు కూరలకి పంపినా, ఏం తేవాలో నాచేత తిరిగి చెప్పించుకుంటాడు. ఆ రాత్రి అన్నం దగ్గర జరిగింది చెప్పాను, నా అబద్ధం ఒక్కటీ దాచి.

“దారి సెప్పకపోతే ఆగిపోవాలి గానీ, దానికి తోసిన లైనుకి ఎలాగ పోతాదిరా?” అన్నాడు. “ఆ పిల్లకి సెప్పినావా?”

కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాను.

మర్నాడు, పేరు లేకపోతే ఆగి అడిగేలా లైబ్రరీని సరిచేసి ఖరిదా వెళ్లాను. తప్పు నాదేనని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. పోయిన పాటల్లో కొన్ని, పది రోజుల కిందట చనిపోయిన ఒక మామ్మవి.

“నిన్ననే ఆళ్లింటికెళ్లినాను,” అంది అక్క. “మీ యమ్మ గొంతు నానే పోగొట్టేసినానని ఆళ్ల కూతురి సేతులట్టుకుని ఏడిసినాను.”

ఆ ఇల్లు మా క్వార్టర్ వెనక వీధిలోనే. నేనింకా వెళ్లలేదు.