సైలెన్సర్ బోల్టు విరిగిన ఆదివారం

నన్ను సూరత్‌కు తీసుకొచ్చింది మా బావ. ఊళ్లో పనిలేక తిరుగుతున్న నన్ను రైలెక్కించి తెచ్చి, లూమ్‌ల కార్ఖానాలో చేర్పించి, రెండేళ్లు తన గదిలోనే పెట్టుకున్నాడు. అక్క వండి పెట్టింది. తర్వాత నేను ఆగిపోయిన మగ్గాలను విప్పి బాగుచేసే మాస్టర్‌నయ్యాను. పక్క వీధిలోనే వేరే గది తీసుకున్నాను. ఆదివారం భోజనం మాత్రం ఇప్పటికీ అక్క దగ్గరే.

బావ పాండేసరలో రంగుల మిల్లుకు పాత మోటార్ సైకిల్ మీద వెళ్లేవాడు. నిరుడు వానలకు ఖాడీ వాగు పొంగి మా వీధిలోకి నీళ్లొచ్చాయి. బండి రెండు రోజులు ఇంజను దాకా మునిగి నిలబడింది. ఆరాక నడిచింది గానీ, కింద బోల్టులన్నీ తుప్పు పట్టాయి. ఈ ఏడు ఎండాకాలంలో సైలెన్సర్ గొట్టం ఇంజనుకు అతికే చోట పొగ కారుతూ పటపటమని చప్పుడు మొదలైంది. లోపలి వాషర్ కాలిపోయిందని నేనే చెప్పాను. మెకానిక్ ఎందుకు, నేను మారుస్తానని కూడా నేనే అన్నాను.

ఆ ఆదివారం పొద్దున బావ రాత్రి పాళీ దిగి వచ్చాడు. కూర్చోకుండానే నట్ల మీద కిరసనాయిలు పోశాడు.

"బాగ తుప్పు పట్టినయిరా. జర నాననియ్. నేను పండి లేశినంక ఇంజను వేడి జేసి ఇద్దరం ఇప్పుదాం. జబర్దస్తీ చెయ్యకు" అన్నాడు.

"సరే బావా" అన్నాను. అరగంట కూడా ఆగలేదు. ఆయన లేచేసరికి పని అయిపోయి ఉండాలని నా ఉబలాటం.

మొదటి నట్టు కిర్రుమంటూ వచ్చింది. దాంతో నాకు ధైర్యం పెరిగింది. రెండోది కదల్లేదు. పానా జారి నట్టు అంచులు అరగడం మొదలైంది. ఇనప గొట్టం ముక్క పానాకు తొడిగి ఒళ్లంతా మోపి నొక్కాను. కాసేపు మొండికేసి, ఒక్కసారిగా తిరిగింది. వదులైందనుకున్నాను. కానీ చేతికి బరువే తెలియలేదు. నట్టుతో పాటు సగం బోల్టు నా అరచేతిలోకి వచ్చింది. మిగతా సగం ఇంజనులోనే ఉండిపోయింది.

అదేమీ ఘోరం కాదు. కార్ఖానాలో అలాంటివి ఎన్నో విరగ్గొట్టాను. బండిని మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే విరిగిన ముక్కకు నట్టు వెల్డింగ్ పెట్టి తీసేవాడు. బావను లేపి చెబితే నాలుగు మాటలు అనేవాడు, అంతే. నేను లేపలేదు. వీధిలో అందరూ నన్ను మాస్టర్ అని పిలుస్తారు. ఆ పిలుపు పోతుందనిపించింది.

కొత్త వాషర్ వేసి ఒక వైపు నట్టు గట్టిగా బిగించాను. రెండో వైపు, నీళ్ల పైపులు కారితే పూసే ముద్ద పిసికి పెట్టి, విరిగిన బోల్టు ముక్కతో ఉన్న నట్టును అందులో అదిమాను. పైన గ్రీజు రాశాను. చూసేవాళ్లకు తేడా తెలియదు. బండి స్టార్ట్ చేస్తే చప్పుడు పోయింది.

బావ లేచి చూసి నా భుజం చరిచాడు. "నువ్వు అసలు మాస్టర్‌వురా బామ్మర్దీ!" అన్నాడు. వచ్చే ఆదివారం ఏదో సాకు చెప్పి సరిచేయిద్దామనుకున్నాను. ఆ ఆదివారం నేను కిమ్ అనే ఊళ్లో ఒక దోస్తు ఇంటికి దావత్‌కు పోయాను.

ఆ తర్వాత నాలుగు రోజులకు బావ అక్కను వెనక కూర్చోబెట్టుకుని కడోదరాలో చుట్టాలింటికి బయలుదేరాడు. దారిలో ఒక గుంతలో బండి ఎగిరిపడింది. ఒక్క నట్టు మీద వేలాడుతున్న గొట్టం ఊడి, ముందు కొస నేలకు తన్నుకుంది. బండి పక్కకు పడింది. బావకు మోకాలు గీసుకుపోయింది. అక్క కుడి చేయి కింద పెట్టి పడింది. మణికట్టు విరిగింది. ఆ చేత్తోనే ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించేది.

బండిని మెకానిక్ దగ్గరికి బావా నేనూ తోసుకుపోయాం. అతను గొట్టం పక్కకు జరిపి, ఎండిన ముద్దను గోటితో గీకి తల ఎత్తాడు.

"యే కిస్నే కియా, భాయ్? బోల్ట్ తో పహలే సే టూటా హై."

బోల్టు ముందే విరిగి ఉందన్న మాట విని బావ నా వైపు చూశాడు. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. ఆయన మెకానిక్ వైపు తిరిగి, "మైనే హీ కియా" అన్నాడు. తానే చేశానని చెప్పి నా పరువు కాపాడాడు. ఇంట్లో అక్కకు కూడా అసలు సంగతి చెప్పలేదు.

అక్క రోజూ ఆయన్నే తిట్టేది. "గంత పెద్ద గుంత కనవడలేదా? కండ్లు యాడ వెట్టి నడిపినవ్?" బావ తల వంచుకుని బియ్యం కడిగేవాడు. అక్కకు జడ కూడా ఆయనే వేసేవాడు, వంకరగా. నేను ఆదివారాలు వచ్చి, ఆయన వండిన అన్నం తింటూ ఆ తిట్లు వినేవాణ్ణి. రెండు నెలలు విన్నాను. ప్రతిసారీ నిజం నోటిదాకా వచ్చేది, ముద్దతో పాటు మింగేవాణ్ణి.

కట్టు విప్పిన రోజు అక్క వేళ్లు ముడవలేక ఏడ్చింది. బావ నీళ్లు తేవడానికి కిందికి వెళ్లాడు. అప్పుడు చెప్పాను. బోల్టు విరగడం, ముద్ద పెట్టడం, గ్రీజు రాయడం, అన్నీ.

ఆమె ఎడమ చేత్తో కళ్లు తుడుచుకుంది.

"మీ బావకు ఎరుకేనా?"

"ఎరుకే అక్కా. ఎప్పుడో తెలిసింది."

"చెయ్యి ఇరిగితే ఇరిగింది తియ్. రెండు నెల్లసంది గా మనిషిని నేను ఎన్నెన్ని మాటలన్న! నువ్వు ఈడ్నే గూసోని ఇన్నవ్ గదరా. బుక్క ఎట్ల దిగిందిరా నీకు?"

బావ బిందెతో పైకి వచ్చాడు. మా మొహాలు చూసి ఆయనకు అర్థమైంది. "నువ్వే చెప్తవని చూస్తున్నరా ఇన్ని రోజులు" అన్నాడు. బిందె దించి మళ్లీ కిందికి వెళ్లిపోయాడు. అక్క లేచి ఆయన వెనకే మెట్లు దిగింది.

నెల దాకా ఆమె నాతో మాట్లాడలేదు. ఆదివారం నాకు కంచం పెట్టేది, మొహం చూసేది కాదు. ఇప్పుడు మాట్లాడుతోంది. మణికట్టు మాత్రం పూర్తిగా తిరగదు. ఒకప్పుడు పూటలో అయ్యే చీరకు ఇప్పుడు రెండు రోజులు పడుతుంది. నేను పక్కన కూర్చుని రాళ్లు ఒక్కొక్కటి ఏరి అందిస్తాను. మధ్యలో ఆమె చేయి ఆపి మణికట్టు నొక్కుకుంటుంది. నేను తల దించుకుని రాళ్లు ఏరుతూ ఉంటాను.