కప్ప కారులో ఉద్యోగానికి

ఆ రోజుల్లో మా కోనసీమలో తొందర అనేది ఒక్క గోదావరి వరదకే ఉండేది. మిగిలిన మనుషులూ, పడవలూ, ఎడ్లబళ్ళూ ఎదురైన వాళ్ళను పలకరించుకుంటూ వెళ్ళేవి. అటువంటి చోట గంటకు నూట యాభై మైళ్ళు పోగల కారు మా ఇంట్లో ఉండేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. మా తాతగారు మంచి రోజుల్లో మద్రాసులో ఒక దొర దగ్గర ముచ్చటపడి కొన్నది. రెండే సీట్లు, అయిదు గేర్లు, బారెడు ముక్కు, నేలకు జానెడు ఎత్తు. తాతగారు వెళ్ళిపోయారు, భూములు వెళ్ళిపోయాయి, చివరికి పందిరిమంచం కూడా వెళ్ళిపోయింది. కారు మాత్రం మిగిలింది, దాన్ని కొనేవాడు జిల్లాలో మరొకడు దొరకలేదు కనుక. ఊళ్ళోవాళ్ళు దాన్ని కప్ప కారు అనేవారు (నా ఎదుట కాదు, నా ఎదుట 'తమ కారు' అనేవారు).

బి.ఏ. ప్యాసై రెండేళ్ళు వీధి అరుగు మీద వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాక, ఆ వెన్నుకు తిండి కూడా కావాలని నాకు తెలిసివచ్చింది. రావులపాలెంలో అరటి గెలలు కొని లారీల మీద కటకం దాకా పంపే షావుకారుగారు ఒకాయన, చదువుకున్న మనిషి కావాలని కబురు పెట్టారు. ఉదయం పదింటికి రావాలి. దాటితే ఆయన రాజమండ్రి వెళ్ళిపోతారు, ఆ ఉద్యోగం మరొకరికి పోతుంది. మా వంశంలో ఉద్యోగం ఇచ్చినవాళ్ళే గాని అడిగినవాళ్ళు లేరు.

"బస్సుకెళ్ళరా నాయనా. ఎనిమిదింటికెక్కితే తొమ్మిదిన్నరకి దింపేస్తాడు" అంది నాయనమ్మ.

"మనం బస్సులో వెళ్ళి ఉద్యోగం అడగడమేమిటి నాయనమ్మా?"

"కార్లో వెళ్ళి అడిగితే అడగడం కాదుట్రా?"

ఎనిమిదింటి బస్సును పోనిచ్చాను. కనుక తొమ్మిదింటికి కారు తీశాను. దాని క్లచ్చి తొక్కాలంటే ఒంట్లో బరువంతా ఎడమకాలికి దింపాలి. మొదటి గేరులో ఉరికేది, రెండో గేరులో ఎగిరేది. అరగంటలో రావులపాలెంలో ఉంటానని నా లెక్క.

అమలాపురం దాటగానే మా లెక్కల మేష్టారు సైకిలు దిగి నిలబడ్డారు. ఆయన తండ్రి మా పొలాల్లో పనిచేసిన మనిషి. మేష్టారు మిషను బడిలో చదువుకుని పైకొచ్చి, నాకు అయిదేళ్ళు లెక్కలు చెప్పారు (వచ్చాయా అని అడగకండి). పెద్దలు ఎదురైతే కారులో కూర్చుని పలకరించడం మా ఇంటా వంటా లేదు. పైగా ఆ కారులో కూర్చుంటే ఎదుటివారి మోకాళ్ళు తప్ప కనబడవు. నూతిలోంచి పైకి వచ్చినట్టు దిగి, నమస్కారం పెట్టాను.

"ఏమోయ్ చిన్నబాబూ, ఎందాకా?"

ఉద్యోగానికని చెప్పడానికి నోరు రాలేదు. "ఊరికే షికారండి" అన్నాను.

"షికారైతే తొందరేముంది, రా! మా పెరట్లో కర్పూర అరటి గెలలు చూద్దువుగాని. పన్నెండు దిగేయి. కొనేవాడు రాక చెట్టునే పండేలా ఉన్నాయి."

పన్నెండూ చూశాను. మళ్ళీ బయల్దేరేసరికి అరటిచెట్లకు ఊతంగా పెట్టే సరుగుడు పోట్లు వేసుకుని వెళ్తున్న ఎడ్లబండి రోడ్డంతా ఆక్రమించి ఉంది. బండాయన వెనక్కి తిరిగి, "ఆయ్, దారివ్వమంటారాండీ? ఎందాకండీ?" అన్నాడు.

"షికారండి."

"ఐతే కాసేపు ఎనకాలే రండి బాబూ. మీ కారు అరుపుకి ఎడ్లు బెదురుతున్నాయండి."

ఒకసారి షికారన్నాక మరోసారి ఉద్యోగం అనలేం కదా. మైలున్నర దూరం ఎడ్ల వెనక మొదటి గేరులో నడిచాను. మొన్నటి సుడిగాలికి ఏ ఏ తోటలు పడిపోయాయో, పోట్లు దొరక్క ఎవరెవరు ఈ వారమే గెలలు నరికేస్తున్నారో ఆయన పేరుపేరునా చెప్పాడు. నా కారు ముక్కులోంచి ఆవిర్లు లేచాయి.

కొత్తపేటలో మా మేనత్త వీధిలోనే నిలబడి ఉంది. ఎందాకా అంటే ఆవిడకీ షికారనే చెప్పాను. "షికారుకొచ్చి మేనత్త గడప తొక్కకుండా పోతావుట్రా?" అంది. పెసరట్టు వేసింది. నేను తింటున్నంతసేపూ మామయ్యగారు, పాత వ్యాపారితో మాట పట్టింపు వచ్చిందనీ, రెండెకరాల గెలల్లో ఒక్కటీ వాడికివ్వననీ ఒట్టు పెట్టుకుంటూనే ఉన్నారు. కిటికీలోంచి రావులపాలెం బస్సు వెళ్ళడం కనబడింది. రెండో అట్టు వద్దన్నాను, వేసేసింది.

నేను చేరేసరికి పదీ ఇరవై. షావుకారుగారు ఒక కాలు జీపులో పెట్టి ఉన్నారు.

"పది అన్నానండి నేను."

"ఆయ్."

"మీది ఆ కారేనాండీ? అది పరిగెడుతుందా?"

"విపరీతంగా పరిగెడుతుందండి."

"మరి?"

అబద్ధం ఆడదామంటే ఇంకేం మిగల్లేదు. ఉద్యోగమని చెప్పడానికి సిగ్గుపడ్డాననీ, షికారు అన్న పాపానికి ఎవరూ నన్ను వదల్లేదనీ వరసగా చెప్పాను. మేష్టారి పన్నెండు గెలలు, పడిపోయిన తోటలు, మామయ్యగారి ఒట్టు, ఏదీ దాచలేదు. వెన్ను మాత్రం వంచలేదు. వంచి ఉంటే అక్కడే ఏడ్చేవాణ్ణేమో.

ఆయన కాలు మెల్లిగా జీపులోంచి నేల మీదికి వచ్చింది.

"ఆగండాగండి. పోట్లు లేక నరికేస్తున్నది ఎవరెవరన్నారు? మళ్ళీ చెప్పండి." జేబులోంచి పెన్సిలు తీశారు. "మా మనిషి మూడు రోజులు తిరిగి ఏవీ లేవని వచ్చేడండి. మీరు పొద్దుటే ఇన్ని గెలలు ఎలా పట్టేరు?"

"వాళ్ళే చెప్పేరండి."

"నాకు కావలసింది అలా చెప్పించుకునే మనిషేనండి. రేపట్నించి రండి. కారు మాత్రం వద్దు. దాన్ని చూస్తే రైతు రేటు పెంచేస్తాడు."

"నాకు కుర్చీ ఉంటుందాండీ?" అని అడిగాను (అడిగానని ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి).

"కుర్చీకేం, ఉందండి. కూర్చునే తీరికే ఉండదు."

ఆ పేర్లన్నీ రాసుకుని ఆయన నన్ను వదిలాక, తిరిగి వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం. అందరూ భోజనాల్లో ఉన్నారు. రోడ్డు మీద ఎద్దు లేదు, మేనత్త లేదు. అంత ఖాళీ రోడ్డు ఆ కారుకు అంతకుముందెప్పుడూ దొరకలేదు. కాని నేను ఎద్దులకన్నా నెమ్మదిగా, అటూ ఇటూ చూసుకుంటూ నడిపాను. ఎందాకా అని ఎవరైనా అడిగితే బాగుండును! ఒక్క మనిషీ అడగలేదు. చివరికి కాలవగట్టున సైకిలుకి కొబ్బరి బొండాలు కట్టుకుని వెళ్తున్న ముసలాయన కనిపిస్తే, కారాపి, నూతిలోంచి పైకి వచ్చి, నేనే పలకరించాను.

"ఎందాకండీ?"

ఆయన హడలిపోయి సైకిలు దిగేశాడు. "సంతకండి. తమరెక్కణ్ణించండీ?"

"ఉద్యోగం వచ్చిందండి నాకు. రావులపాలెంలో."

ముఖపరిచయమైనా లేని మనిషి. నన్నూ, కారునూ చూసి, ఇంకేమీ అడక్కుండా కత్తి తీశాడు. "మంచి మాట చెప్పేరు. ఎండన పడొచ్చేరు, ఇది తాగెళ్ళండి" అని బొండాం కొట్టి చేతిలో పెట్టాడు.

నడిరోడ్డు మీద, మండే ఎండలో, చొక్కా అంతా తడుపుకుంటూ బొండాం తాగుతున్న ఆ కుర్రాణ్ణి ఇప్పటికీ ఒక్కోసారి తలుచుకుంటాను. వాడు నిటారుగా నిలబడ్డాననే అనుకుంటున్నాడు. బొండాం తాగడానికి తల మాత్రం బాగానే వెనక్కి వంచాడు, పాపం.