లిఫ్టు తలుపులో నా కాలు

మా బావమరిది జహీరాబాద్‌లో స్కానింగ్ సెంటర్ పెట్టినప్పుడు నేను చెప్పింది ఒకటే మాట. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్కానింగ్ మిషన్‌కు వచ్చే కేబుల్‌కు ఇంకేదీ తగిలించొద్దని. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని, ఊరికే అనలేదు. వాడు తల ఊపి, అదే కేబుల్ నుంచి లిఫ్టుకు లైను లాక్కున్నాడు. ఆ సంగతి డైరీలో రాసుకుని, ఆ గడప తొక్కడం మానేశాను.

తొక్కాల్సి వచ్చింది. మా ఆవిడకు కడుపులో గడ్డ ఉందేమోనని డాక్టరు సీటీ స్కాన్ రాశారు. నరంలోకి మందు ఎక్కించి తీయాలి. ఆమె కిడ్నీలు అంతంతమాత్రం కాబట్టి ఆ మందు రెండోసారి ఇవ్వకూడదని గట్టిగా చెప్పారు. సంగారెడ్డి పోదామన్నాను.

"సొంత తమ్ముని మిషన్ ఇడిచిపెట్టి సంగారెడ్డి పోతే నలుగురు నవ్వరా?" అని ఆమె చీర మార్చుకుంది.

మందు ఎక్కించకముందు ఒక మామూలు స్కాన్ తీస్తారు. అది సగంలో ఉండగా బయట లిఫ్టు కదిలింది. లైట్లు ఒక్క క్షణం మసకబారాయి. లోపల మిషన్ ఆగిపోయింది.

"మీ డిపార్ట్‌మెంటు కరెంటే గిట్లుంటది బావా," అన్నాడు బావమరిది, కూర్చున్న పేషెంట్లందరికీ వినపడేటట్టు.

"డిపార్ట్‌మెంటు మంచిగనే ఇస్తున్నది. నడుమల నీ లిఫ్టు మింగుతున్నది. బంద్ జెయ్."

"పైన పళ్ల డాక్టరు కిరాయికున్నడు. లొల్లి జేస్తడు."

"మీ అక్క కన్నా ఆయన పళ్లు ఎక్కువనా?"

"యూపీఎస్ ఉన్నది, ఫికర్ జెయ్యకు."

"అది కంప్యూటర్ వరకే. ఎక్స్‌రే గొట్టాన్ని మొయ్యది. నాకు నేర్పుతున్నవా?"

లోపలి నుంచి మా ఆవిడ కేక వేసింది. "మీరిట్ల కొట్లాడుకుంటె నేను లేసి ఇంటికి పోత!"

మందు ఒంట్లో పాకే ఆ కాసేపట్లోనే బొమ్మ పట్టుకోవాలి. అప్పుడు మిషన్ ఆగితే మందు వృథా, మళ్లీ ఇవ్వడానికి లేదు. లిఫ్టు స్విచ్ గది తాళంచెవి బావమరిది జేబులో ఉంది, తీయడు. నేను వెళ్లి లిఫ్టు తలుపుల మధ్య కాలు పెట్టి నిలబడ్డాను. ఆగిన స్కాన్ మళ్లీ తీసి, మందు ఎక్కించమని అరిచాను.

దవడ వాచిన ఒకాయన వచ్చాడు. "పెద్దమనిషీ, లోపలికన్న పో, బయటికన్న రా."

"మెట్లున్నయి. పన్ను నొస్తె కాళ్లకేమైంది?"

"నీ అయ్య లిఫ్టా?"

"నా బామ్మర్దిది. వాన్ని తిట్టు, నాక్కూడ ఇనబుద్ధయితున్నది."

తలుపు నా పిక్కను గుద్దడం, వెనక్కి పోవడం, మళ్లీ గుద్దడం. పళ్ల డాక్టరు మెట్లు దిగి వచ్చి పోలీసులను పిలుస్తానన్నాడు. పిలవమన్నాను.

స్కాన్ ఆగకుండా పూర్తయింది. బావమరిది నవ్వుకుంటూ వచ్చాడు. "చూసినవా బావా, ఒక్క దెబ్బల అయిపోయింది. ఉత్తగ నా మిషన్‌కు వంక పెడ్తివి." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంకొకామెను పండబెట్టిన్రు. జర గట్లనే నిలబడు."

"తాళం తియ్. లేకుంటె ఆమె మొగన్ని పిలిచి నీ కేబుల్ కథ చెప్త."

వాడు తాళంచెవి నా ముందు నేల మీదికి విసిరాడు. నేను వంగలేదు. చివరికి వాడే వంగి తీసుకుని, స్విచ్ గది వైపు నడిచాడు.

మరునాడు రిపోర్టు వచ్చింది. గడ్డ లేదు, పేగు వాపు, మందులతో తగ్గుతుంది. ఆ సంతోషంలో మా ఆవిడ తమ్ముడికి మిఠాయి డబ్బా ఇచ్చి రమ్మంది. మళ్లీ ఆ గడప తొక్కనన్నాను. మేమే తిన్నాం.