అమ్మ పిలవని పేరు

మా అమ్మ నోట మా నాయన పేరు నేను ఎన్నడూ వినలేదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఆళ్లగడ్డలో రేషన్ కార్డు గుమాస్తా ఇంటాయన పేరు అడిగితే నన్ను ముందుకు తోసేది. నేను చెబితే తల ఊపేది.

డెబ్బైల చివర్లో నాయనకు కడుపునొప్పి ముదిరితే నంద్యాలలో ఆపరేషన్ చేయించాం. బయటికి తెచ్చినా మత్తు వదలలేదు. నర్సమ్మ ఆయన చెంపలు తట్టి, అమ్మ వైపు తిరిగింది.

"పేరు పెట్టి పిలువమ్మా. ఇంటోళ్ల గొంతు ఇంటే బేగా లేస్తారు."

అమ్మ మంచం మీదికి వంగింది. "ఏమయ్యా... ఇదో... ఇంటాండావా?" అని గొణిగింది.

"అట్ల కాదమ్మా, పేరు పెట్టి!"

అమ్మ పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. పైట నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయింది. కాసేపటికి మా మేనమామే పేరు పెట్టి గట్టిగా అరిచాడు. నాయన కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట, "అది యాడ? రాలేదా?"

జరిగింది తెలిశాక ఆయనకు అదొక ఎగతాళి అయింది. మా అంగడికి ఎవరొచ్చినా, "నేను చస్తాంటే నా పెండ్లాం ఒక్క కేక ఎయ్యలేదప్పా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు, అమ్మ కూడా. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎనభైల్లో ఒక మధ్యాహ్నం ఆయన అంగట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అప్పటినుంచి అమ్మకు ఒకటే దిగులు. ఆపరేషన్ అయిన పొద్దు, ఆ మత్తు చీకట్లో తన పిలుపు కోసం ఎంత ఎదురుచూశాడో అని.

చాలా ఏళ్లకు మత్తు గురించి ఒక వ్యాసం చదివాను. మత్తులో కూడా శబ్దం చెవిలోంచి లోపలికి పోతుందట. మెదడు నడుమ థాలమస్ అనే భాగం ఉంది. విన్నదీ చూసిందీ అక్కడికి చేరి పైకి పోవాలి. నుదుటి వెనకున్న ముందరి మెదడుతో దానికి మెలకువలో మాటామంతీ తెగదు. మత్తుమందు ఆ మాటామంతీనే తెంపుతుంది. ఆళ్లగడ్డ బస్టాండు దాకా వచ్చిన మనిషికి నంద్యాల బస్సు లేనట్టు. మందు దిగేకొద్దీ మళ్లీ రాకపోకలు మొదలవుతాయి.

పెద్ద ఓదార్పు దొరికిందని ఎగురుకుంటూ అమ్మ దగ్గరికి పోయాను. శనక్కాయలు ఒలుస్తోంది. అంతా విడమరిచి చెప్పాను.

"నువ్వు పిలిచినా ఆయనకు అందేది కాదమ్మా. మామ అరిచేసరికి మందు దిగింది, అంతే. ఆ చీకట్లో ఎదురుచూసే మనిషే లేడు."

అమ్మ చేతిలో కాయ చిట్లించి, గింజలు చేటలో వేసింది.

"ఆయనకు ఇనపడకపోతే పాయెలేరా. పిలిచింటే నాకైనా ఇనపడుండేది గదా."