సాగర్ రోడ్డు మీద కార్తీక సోమవారం

కార్తీకమాసం, రెండో సోమవారం. హాజరైనవారు: నేను, మా అక్కయ్య భర్త, అంటే మా బావ, బేగం బజార్‌లో ఎండుపండ్ల హోల్‌సేల్ దుకాణం ఉన్న సేటు, హిమాయత్‌నగర్ నుంచి వచ్చే రిటైర్డ్ టీచరమ్మ.

నలుగురమూ అరవై దాటినవాళ్ళమే. ఆదివారాలు ఫామ్‌హౌసులకు పోయే కార్లతో రోడ్డు నిండిపోతుందని మా సైకిల్ ప్రయాణాలు సోమవారం పెట్టుకున్నాం. చీకటి ఉండగానే నాంపల్లి స్టేషన్ ఎదుట కలిశాం. బావ అబిడ్స్ నుంచి అందరికంటే ముందే వచ్చి టైర్లు నొక్కి చూసుకుంటున్నాడు. ఆయనకు చక్కెర జబ్బు. పొద్దున్నే మాత్ర వేసుకుంటాడు, వేసుకున్నాక తినితీరాలి. తిన్నావా అని అడిగాను.

"తినకుండా మీ అక్క గడప దాటనిస్తుందా?" అన్నాడు.

మా గుంపుకు ఒక పద్ధతి ఉంది. ఒకరి వెనక ఒకరం, చక్రానికీ చక్రానికీ మూరెడు దూరంలో పోతాం. ముందున్న మనిషి ఎదురుగాలిని అడ్డుకుంటే వెనకవాళ్ళకు శ్రమ తగ్గుతుంది. కాని వెనకవాళ్ళకు రోడ్డు కనపడదు. అందుకని గుంత వస్తే ముందు మనిషి చేత్తో చూపించాలి. ఆ చెయ్యిని నమ్ముకునే మిగతావాళ్ళం తొక్కుతాం. ఈ విషయంలో బావంత నిష్ఠ మాలో ఎవరికీ లేదు. గాజుపెంకు కనిపించినా చూపిస్తాడు. "అన్నా, గాడ చీమ పోతున్నది, సూపియ్యలేదేంది?" అని సేటు ఏడిపిస్తుంటాడు.

ఇబ్రహీంపట్నం దాటాక ఇళ్ళు పలచబడి, రెండు వైపులా పత్తి చేలు, మధ్య మధ్య బండరాళ్ళ గుట్టలు మొదలయ్యాయి. ఆగిన ప్రతిచోటా సేటు ఖర్జూరాలు, జీడిపప్పు పంచాడు. బావ తన వాటా తీసుకుంటూనే ఉన్నాడు. యాచారం అవతల కాసేపు కూర్చుని వెనక్కి తిరిగాం.

తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి. బావ ముందు, వెనక నేను, నా వెనక సేటు, చివర టీచరమ్మ. కాసేపయ్యాక ముందుకు నేను వస్తానన్నాను. బావ చోటివ్వలేదు. ఇంతలో నా చక్రం కిందికే ఒక గుంత వచ్చింది. చెయ్యి సంజ్ఞ లేదు. నేను ఎలాగో తప్పించుకున్నాను గాని సేటు చక్రం ధడేలుమని పడి లేచింది.

"ఏంది అన్నా! పండవెడ్తవా మమ్మల్ని? జర చెయ్యన్న సూపియ్యి!"

బావ వెనక్కి చూడలేదు. రెండో గుంతకూ చెయ్యి లేవలేదు. గాలికి మా చొక్కాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. ఆయన చొక్కా మాత్రం వీపుకు తడిగా అంటుకుపోయింది. ఆయన చక్రం కొద్దికొద్దిగా రోడ్డు మధ్యకు జరుగుతోంది. వెనక నుంచి లారీ హారన్ మోగింది. "బావా, పక్కకి! పక్కకి రా!" అని అరిచాను.

"నోరు ముయ్యి" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. లారీ మోచేతి పక్కనుంచే పోయినట్టనిపించింది.

గుంపులో ఎవరూ ఎవరికీ అడ్డం రాకూడదు. టీచరమ్మ ఆ నియమం పక్కన పెట్టి, మమ్మల్ని దాటుకుని వచ్చి, తన సైకిల్‌తో ఆయన్ని మట్టి బాట మీదికి నెట్టుకుపోయింది. బావ కాలు దించాడు, సైకిల్ వదిలేశాడు, ఉన్నచోటే కూలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కాని ఎవర్నీ చూడడం లేదు.

"షుగర్ పడిపోయింది. మా సారుకు గిట్లనే అయితుండె" అంటూ ఆవిడ, భర్త జబ్బు నాటి నుంచి సంచిలో ఉంచుకునే గ్లూకోజు పొట్లం తీసి సీసాలో కలిపింది. నోటి దగ్గర పెడితే బావ పళ్ళు బిగించాడు. కూర్చోబెడదామని సేటు వెనక నుంచి పట్టుకున్నాడు. చొక్కా వెనక జేబు ఉబ్బెత్తుగా తగిలింది. చెయ్యి పెడితే ఖర్జూరాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దగా వచ్చాయి.

"అరె, నేనిచ్చినయన్నీ గీడనే ఉన్నయ్! ఒక్కటి నోట్లె ఏస్కోలే!"

"నక్షత్రం చూడనీ" అన్నాడు బావ, ముద్దగా.

అప్పుడు అర్థమైంది. కార్తీక సోమవారం ఉపవాసం. జబ్బు వచ్చాక డాక్టరు మాన్పించాడు, మానేశాడనే అనుకున్నాం. ఈ మధ్య రక్తపరీక్ష బాగా వచ్చిందని అందరికీ చూపించుకున్నాడు. ఆ ధైర్యంతో మాత్ర మింగి, పస్తుండి, ఇంత దూరం తొక్కాడు.

సేటు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఇబ్రహీంపట్నం నుంచి రావాలన్నారు. నేను బతిమాలాను, గద్దించాను, శివుడు నీ ప్రాణం అడగలేదన్నాను. బావ చేత్తో కొట్టిన దెబ్బకు సీసాలో సగం నేలపాలైంది. "జల్ది చెయ్యండి సార్" అంది టీచరమ్మ. "ఇంకా జరసేపైతే మింగుడు కూడా రాదు. అప్పుడు పోస్తే పొరపోతది." ఆవిడ గొంతులో మొదటిసారి భయం వినపడింది.

నాకు ఎలా తోచిందో చెప్పలేను. సీసా మూతలోకి వంచుకుని ఆయన ఎదుట నిలబడి, "తీర్థం" అన్నాను. గుళ్ళో పూజారి చదివేది, అకాలమృత్యువును తొలగించమనే ఆ మంత్రం మొదలుపెట్టాను. బావ కుడిచెయ్యి పైకి లేచింది. చూపుడువేలు బొటనవేలి కిందికి మడతపడి, అరచెయ్యి గుంటగా అయింది. ఎడమచెయ్యి దాని కిందికి వచ్చింది. పోశాను. తాగాడు. తడిచేతిని తలకు రాసుకున్నాడు.

"ఇంకోపాలి! ఆపకుండ్రి" అన్నాడు సేటు. ఇంకా పోశాను. కంగారులో మంత్రం సగంలో మరిచిపోతే మిగతాది టీచరమ్మ అందుకుంది. చెయ్యి చాపిన ప్రతిసారీ పోస్తూనే ఉన్నాం. అంబులెన్సు వచ్చేసరికి బావ, "నా సైకిల్ ఏది?" అని అడిగాడు. సేటు మొహం అటు తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. సాయంత్రం నేనే ఆయన్ని అబిడ్స్‌లో ఇంటి దగ్గర దింపాను.

మర్నాడు పొద్దున, సేటు ట్రాలీ ఆటోలో మా ఇంటికి చేర్చిన బావ సైకిల్‌ని తోసుకుంటూ అబిడ్స్ వెళ్ళాను. అక్కయ్య తలుపు తీసింది. "డాక్టరు ఉపవాసానికి ఒప్పుకున్నాడని నాతో చెప్పారురా" అంది. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రాత్రి నిద్ర పట్టినట్టు లేదు.

"నిన్న నా చేతిలో పోసింది ఏమిటి?"

అబద్ధం ఆడదామనే అనుకుంటూ వచ్చాను. ఆయన మొహం చూశాక నోరు రాలేదు. "గ్లూకోజు నీళ్ళు."

బావ ఫోన్ తీసి సేటుకు చేశాడు. "కార్తీకం అయ్యేదాకా నేను రాను. ముందెవరుంటారో మీలో మీరే తేల్చుకోండి... తిట్టు, తిట్టవయ్యా, వింటున్నాను."

"ఆ ఉపవాసం సంగతి కూడా చెప్పండి" అంది అక్కయ్య వంటింట్లోంచి. "సైకిల్ మాని ఇంట్లో పస్తుంటే ఊరుకుంటాననుకున్నారా?"

ఉప్మా పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టి, పక్కనే మాత్ర పెట్టి, అక్కడే నిలబడింది. బావ పళ్ళేన్ని చూశాడు, నన్ను చూశాడు.

"వాడికీ పెట్టు" అన్నాడు.